వేగానికి గిరి గీసిన కరివర్ధన్

వేగం మానవుని ఆదిమ కాంక్షలలో ఒకటి. నడిచేవాడు పరుగెత్తాలనుకున్నాడు, పరుగెత్తేవాడు గుర్రమెక్కాలనుకున్నాడు, గుర్రమెక్కినవాడు రథానికి నాలుగు గుర్రాలు పూన్చాడు. మన మహాభారతంలోని నలోపాఖ్యానం ఈ కాంక్షకు చక్కని ఉదాహరణం. బాహుకుడనే పేరుతో మారురూపంలో ఉన్న నలుడు ఋతుపర్ణ మహారాజు రథాన్ని తోలుతున్నాడు. రాజు ఉత్తరీయం గాలికి జారిపడింది. రథాన్ని ఆపమని రాజు అడిగేసరికే ఆ వస్త్రం పడిన చోటు ఆమడ దూరం వెనుకబడిపోయింది. ఈ కథలో మనం సాధారణంగా రథవేగాన్నే తలచుకొని ఆశ్చర్యపోతాం. కాని నలుని గొప్పతనం గుర్రాలను పరుగెత్తించడంలో మాత్రమే లేదు. వాటి హృదయం ఎరిగి, తన అదుపు తప్పకుండా నడపడంలో ఉంది. అందుకే అతని విద్యకు అశ్వహృదయమని పేరు వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దిలో గుర్రం స్థానాన్ని ఇంజను ఆక్రమించింది. వేగం అనేక రెట్లు పెరిగింది. దానితోపాటు ప్రమాదమూ పెరిగింది. అటువంటి కాలంలో యంత్రహృదయాన్ని ఎరిగిన ఒక దక్షిణ భారతీయుడు, వేగాన్ని ప్రేమిస్తూనే దానికొక హద్దు, ఒక క్రమశిక్షణ, సామాన్యునికి అందే ఒక ధర ఏర్పరచాలని కృషి చేశాడు. ఆయనే కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్. రాజ్యాలేలినవాడు కాడు, కావ్యాలు రచించినవాడు కాడు. అయినా మన దేశంలో కారు పందేల చరిత్రను ఆయన పేరు లేకుండా చెప్పడం సాధ్యం కాదు.

కరివర్ధన్ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా కోయంబత్తూరును గురించి కొంత తెలుసుకోవాలి. విజయనగర ప్రభువుల కాలంలోనూ ఆ తరువాతనూ ఎన్నో తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలి వెళ్ళి కొంగునాడులో స్థిరపడ్డాయి. నల్లరేగడి నేలలో పత్తి పండించిన ఆ కుటుంబాలలో పలువురు కాలక్రమాన నూలు మిల్లులు స్థాపించారు. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో ప్రారంభించిన లక్ష్మీ మిల్లు వాటిలో ప్రసిద్ధమైనది. నీలగిరి కొండలలోని పైకారా జలవిద్యుత్తు 1930లలో అందుబాటులోకి రావడంతో ఆ పట్టణం మరింత వేగంగా ఎదిగింది. మిల్లు ఉన్నచోట మరమ్మతు కార్ఖానా ఉండక తప్పదు. కార్ఖానా ఉన్నచోట కొత్త యంత్రం చేయాలనే ఊహ పుట్టక మానదు. జి. డి. నాయుడు (1893-1974) వంటి స్వయంశిక్షితుడైన యంత్రశిల్పి ఆ నేలమీదనే వెలిశాడు. వీధి వీధినా పోతపనివారు, తరిణె పట్టేవారు ఉన్న ఆ ఊరిలో ఇనుముతో ఆలోచించడం ప్రజలకు అలవాటయింది.

లక్ష్మీ మిల్లు స్థాపకుల కుటుంబంలో, జి. కె. సుందరం కుమారుడుగా 1954లో కరివర్ధన్ జన్మించాడు. దక్షిణాదిన వాడుకలో ఉన్న రీతిలో తండ్రి పేరే ఆయన పేరుకు ముందు పొడి అక్షరమైంది. సన్నిహితులూ అభిమానులూ ఆయనను కరి అని పిలిచేవారు. సంపన్న గృహంలో పుట్టినవాడు కనుక విదేశీ కార్లు కొని విలాసంగా తిరిగినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కారు. అయితే ఆయన దృష్టి కారు మెరుపుమీద కాక దాని లోపలి నిర్మాణంమీద నిలిచింది. నడపడంతో తృప్తి పడక, నిర్మించడం నేర్చుకున్నాడు. ఈ రెండు అభిరుచులు ఒకే వ్యక్తిలో కలవడం అరుదు. వాటి కలయికే ఆయన జీవితానికి దారి చూపింది.

ఆ రోజులలో కారు పందెమంటే దక్షిణాదివారికి షోలవరమే. ఆ చోటికి మనకూ దారి సంబంధం ఉంది. కోవూరు నుండి పెన్న వంతెన దాటి, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేటల మీదుగా మదరాసుకు సాగే పాత రహదారి పక్కనే, నగరం ఇంకా కొంత దూరం ఉందనగా షోలవరం వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ విమానాలకోసం ఒక బాట వేశారు. యుద్ధం ముగిసి విమానాలు వెళ్ళిపోయాయి. చదునైన బాట మిగిలింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ బాటను పందేలకు వేదికగా మలచుకొంది. యుద్ధంకోసం వేసిన దారి క్రీడకు ఉపయోగపడటం హర్షించదగినదే. కాని అది విమానం పైకి లేవడానికి వేసిన నేల. కార్లు ఒకదానినొకటి దాటుతూ మలుపులు తిరగడానికి వేసినది కాదన్న విషయాన్నీ మనం గుర్తుంచుకోవాలి.

షోలవరంలో పందెం కట్టిన వాహనాలలో అధికభాగం మన వీధులలో తిరిగినవే. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ కార్ల సీట్లు పీకి, బరువు తగ్గించి, ఇంజనుకు పదును పెట్టి తెచ్చేవారు. అసలైన రేసు కారును విదేశాలనుండి రప్పించుకోవడం రాజవంశీయులకూ పెద్ద పారిశ్రామికులకూ మాత్రమే సాధ్యమయ్యేది. విదేశీ మారకద్రవ్యం దొరకని కాలమది. దిగుమతి సుంకం అధికం. ఫలితంగా పందెంలో చోదకుని నేర్పుకన్న అతని ధనమే ముందు పరుగెత్తేది. కరివర్ధన్ స్వయంగా ఈ పందేలలో పాల్గొని పేరు పొందాడు. సూపర్ స్పీడ్స్ అనే పేరుతో తన బృందాన్ని నడిపాడు. అయినా గెలుపు గర్వం ఆయనను కమ్మివేయలేదు. ధనం లేని ప్రతిభావంతుడు ఈ బాటమీదికి ఎలా రాగలడన్న ప్రశ్నకు ఆయన సమాధానం వెతికాడు.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహం కలగవచ్చు. ప్రాణానికి ముప్పు తెచ్చే వేగంలో మనుషులు ఇంత ఆనందాన్ని ఎందుకు పొందుతారు? రేసు కారులో చోదకుడు నేలకు జానెడెత్తున, కాళ్ళు ముందుకు చాచి దాదాపు పడుకొని కూర్చుంటాడు. నేల అంత దగ్గరగా ఉండటంచేత వేగం రెట్టింపైనట్లు తోస్తుంది. చెవుల వెనుక ఇంజను రొద. ముఖాన వేడి గాలి. మలుపులో దేహాన్ని పక్కకు ఈడ్చే బలం. మలుపు సమీపిస్తుంది. బ్రేకు కొంచెం ముందుగా నొక్కితే పక్కవాడు దాటిపోతాడు. కొంచెం ఆలస్యమైతే కారు బాట తప్పుతుంది. ఆ రెంటి నడుమనున్న రెప్పపాటు కాలంలో మనసు మరే ఆలోచనకూ తావివ్వదు. అప్పులు, అవమానాలు, రేపటి చింత ఏవీ ఉండవు. యోగి ఏకాగ్రతను నిశ్చలతలో సాధిస్తే, చోదకుడు దానిని వేగంలో పొందుతాడు. ఈ పారవశ్యాన్ని తేలికగా తీసివేయడం న్యాయం కాదు. దానిని ఎరిగినవాడే దాని ప్రమాదాన్నీ ఎరుగుతాడు.

ఆ ప్రమాదం లెక్కకు అందనిది కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు క్షణానికి సుమారు 17 మీటర్లు కదులుతుంది. 120 కిలోమీటర్ల వేగంలో 33 మీటర్లు. ఎదుట అడ్డు కనబడి, కాలు బ్రేకుమీద పడటానికి ఒక క్షణం పడుతుందనుకుంటే, కారు ఇంకా నెమ్మదించకముందే అంత దూరం సాగిపోతుంది. ఇక వేగం రెట్టింపైతే కారులోని గతిశక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అందువలన పొడి రోడ్డుమీద మంచి టైర్లున్న కారు 60 కిలోమీటర్ల వేగం నుండి బ్రేకు నొక్కాక 20 మీటర్లలో ఆగితే, 120 నుండి ఆగడానికి సుమారు 80 మీటర్లు కావాలి. నేలను తాకే టైరు భాగం ఒక్కొక్కటి అరచేయి కన్న కొంచెం పెద్దది మాత్రమే. మొత్తం కారునూ అందులోని ప్రాణాలనూ ఆ నాలుగు తావులే పట్టి ఉంచుతాయి.

పందేల చరిత్ర ఈ సత్యాన్ని రక్తాక్షరాలతో రాసింది. ఫ్రాన్సు దేశంలోని లె మాన్ పందెంలో 1955 జూన్ 11న ఒక కారు గాలిలోకి ఎగిరి జనంమీద పడగా ఎనభై మందికి పైగా ప్రేక్షకులు మరణించారు. ఆ ఘోరం తరువాత స్విట్జర్లండు తన దేశంలో ఇటువంటి పందేలనే నిషేధించింది. మిగిలిన దేశాలు బాటకూ జనానికీ నడుమ దూరం పెంచాయి, గోడలు కట్టాయి, వైద్యులనూ అగ్నిమాపక దళాన్నీ పక్కనే నిలిపాయి. వేగాన్ని పూర్తిగా మానుకోవడం ఒక మార్గం; దానికి తగిన స్థలం కల్పించడం మరొక మార్గం. కరివర్ధన్ ఎన్నుకొన్నది ఈ రెండవ మార్గం.

ఆయనకు కాలం ఒక చేయూతనిచ్చింది. 1983 డిసెంబరులో మారుతి 800 కారు మన దేశంలో విడుదలైంది. దాని ఇంజను 796 ఘనపు సెంటీమీటర్ల పరిమాణం గలది. మూడు సిలిండర్లు మాత్రమే ఉన్నది. అది చిన్నది, తేలికైనది, నమ్మదగినది. అన్నిటికన్న ముఖ్యంగా, దాని విడిభాగాలు ఊరూరా దొరికేవి. మధ్యతరగతి కుటుంబం సినిమాకు వెళ్ళే కారులోని ఈ చిన్న ఇంజనే రేసు కారుకు ప్రాణం పోయగలదని కరివర్ధన్ గ్రహించాడు. ఉక్కు గొట్టాలతో చట్రం కట్టి, చోదకునికి వెనుకభాగంలో ఆ ఇంజనును అమర్చి, ఒక్కరు మాత్రమే కూర్చొనే కారును రూపొందించాడు. 1980ల చివర ఆ కార్లు పందేలలోకి ప్రవేశించాయి. మారుతి ఇంజను గల భారతీయ ఒంటిసీటు కారు అన్న అర్థం వచ్చే ఆంగ్ల పదాల తొలి అక్షరాలు కూర్చి వాటికి ఫిస్మీ అని పేరు పెట్టారు. ఫార్ములా మారుతి అన్న పేరుతో ఆ తరగతి పందేలు ప్రసిద్ధికెక్కాయి.

ఈ నిర్మాణంలో దాగిన నీతి గమనించదగినది. అందరికీ ఒకే రకమైన కారు, ఒకే రకమైన ఇంజను ఉన్నప్పుడు ధనవంతుడు ధనంతో గెలవలేడు. నేర్పు, ఓర్పు, తెగువ, అంచనా అనే గుణాలే విజయాన్ని నిర్ణయిస్తాయి. పైగా చిన్న ఇంజను కొత్తవానికి గురువు వంటిది. అధికశక్తి గల కారులో తప్పు చేసినవానికి ఆ తప్పు ఏమిటో తెలుసుకొనే అవకాశమైనా మిగలకపోవచ్చు. తక్కువ శక్తి గల కారు తప్పును చూపించి, సరిదిద్దుకొనే వ్యవధినిస్తుంది. తలకు హెల్మెట్, దేహాన్ని సీటుకు బిగించి కట్టే పట్టీలు, కారు తలకిందులైనా తల నేలకు తాకకుండా కాపాడే ఉక్కు కమాను వంటివి ఒంటిసీటు కార్లలో తప్పనిసరి. వేగానికి ముందు ఇన్ని నియమాలు పాటించడం అలవాటైన యువకుడు వేగాన్ని ఆటవస్తువుగా చూడడు.

కరివర్ధన్ కృషివల్ల కోయంబత్తూరు ఒక పాఠశాలగా మారింది. అక్కడ చోదకులతోపాటు పనివారు, ఇంజనీర్లు, కార్ల నిర్మాతలు తయారయ్యారు. శిక్షణ మనిషిని ఎలా మారుస్తుందో తెలుసుకోవడానికి మన నెల్లూరి తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వాన్ని తలచుకుంటే చాలు. అంతఃపురంలో స్త్రీల ఎదుట ప్రగల్భాలు పలికిన ఉత్తరకుమారుడు కౌరవసేనను చూడగానే రథం దిగి పారిపోయాడు. బృహన్నల అతనిని పట్టి తెచ్చి ధైర్యం చెప్పిన తరువాత, ఆ ఉత్తరుడే అర్జునుని రథానికి సారథి అయ్యాడు. ప్రగల్భం వేరు, సామర్థ్యం వేరు. మొదటిది ప్రేక్షకులను కోరుతుంది. రెండవది గురువును కోరుతుంది.

కరివర్ధన్ వేసిన ఈ బాటలో నడిచినవారిలో అగ్రగణ్యుడు కోయంబత్తూరుకే చెందిన నరేన్ కార్తికేయన్. 1977లో జన్మించిన ఈ యువకుడు తన మొట్టమొదటి పందెం శ్రీపెరుంబుదూరు వద్ద ఫార్ములా మారుతి కారులోనే ఆడి, మొదటి మువ్వురిలో నిలిచాడు. 1992లో ఫ్రాన్సుకు వెళ్ళి ఒక పందెపు పాఠశాలలో శిక్షణ పొందాడు. 1993లో తిరిగి వచ్చి మళ్ళీ ఫార్ములా మారుతి పందేలలో పాల్గొన్నాడు. 1994లో ఇంగ్లండులో ఫార్ములా ఫోర్డ్ శీతకాలపు పోటీలలో విజేతగా నిలిచాడు. ఐరోపాలో ఇటువంటి విజయం సాధించిన తొలి భారతీయుడతడే. మన వీధి కారు ఇంజనుతో అక్షరాభ్యాసం చేసినవాడు పరదేశంలో పట్టభద్రుడు కావడం కరివర్ధన్ ఊహకు దక్కిన తొలి సాఫల్యం.

ఇంతలో పందెపు బాట కూడా మారింది. షోలవరపు విమానబాటను వదలి, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో పందేలకోసమే ఒక ట్రాక్‌ను నిర్మించింది. 3.7 కిలోమీటర్ల పొడవు గల ఆ ట్రాక్ 1990లో ప్రారంభమైంది. అయితే హద్దు గీసినంత మాత్రాన అపాయం అంతరించదు. 1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో మూడుసార్లు ప్రపంచ విజేత అయిన ఐర్టన్ సెన్నా పందెం నడుమ గోడను ఢీకొని మరణించాడు. అంతకు ముందురోజే రోలండ్ రాట్జెన్‌బెర్గర్ అదే బాటపై ప్రాణాలు కోల్పోయాడు. ప్రపంచమంతటా ట్రాకులనూ కార్లనూ మళ్ళీ పరీక్షించి మార్పులు చేశారు. తప్పు జరిగినప్పుడల్లా నియమాన్ని సవరించుకోవడమే ఈ క్రీడ నేర్చిన వివేకం.

కరివర్ధన్‌కు నేలమీది వేగంతోపాటు గగన విహారంపై కూడా మక్కువ ఉండేది. 1995లో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన అకాల మరణం పొందాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఒక్క సంవత్సరాలు. సూర్యమండలానికి ఎగిరి రెక్కలు కాల్చుకొన్న సంపాతి కథ ఈ సందర్భంలో కొందరికి గుర్తురావచ్చు. కాని ఆ పోలిక సరిపడదు. సంపాతిని పైకి తీసుకువెళ్ళింది తమ్ముడైన జటాయువుతో కలిగిన పంతం. కరివర్ధన్ జీవితమంతా పంతానికి పద్ధతి నేర్పిన జీవితం. ఎంతటి జాగరూకునికైనా అపాయం ఎదురుకావచ్చునన్న కఠిన సత్యాన్ని ఆయన మరణం చెబుతుంది. జాగరూకత వ్యర్థమని మాత్రం చెప్పదు.

ఆయన గతించిన తరువాత కూడా ఆయన ఆశయం ఆగలేదు. కోయంబత్తూరు సమీపంలోని చెట్టిపాళయంలో రేసరు, పారిశ్రామికుడు అయిన బి. విజయ్‌కుమార్ పూనికతో 2.1 కిలోమీటర్ల ట్రాక్ నిర్మితమై 2003లో ప్రారంభమైంది. దానికి కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. 2005 మార్చిలో నరేన్ కార్తికేయన్ ఫార్ములా వన్ పందెంలో పాల్గొని, ఆ స్థాయికి చేరిన మొదటి భారతీయుడయ్యాడు. అదే సంవత్సరం జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో అతడు నాలుగవ స్థానంలో నిలిచాడు. ఆ పందెంలో ఒక విశేషముంది. ఇరవై కార్లలో పద్నాలుగు కార్ల టైర్లు ఒక మలుపులోని వేగానికి తట్టుకోగలవన్న భరోసాను వాటి తయారీదారులే ఇవ్వలేకపోయారు. ఆ పద్నాలుగు కార్లూ పందెం మొదలుకాకముందే వైదొలగాయి. లక్షలాది ప్రేక్షకులు నిరాశ చెందినా, ప్రపంచంలోకెల్లా వేగవంతులైన చోదకులు ఆనాడు ఆగిపోవడానికే నిశ్చయించుకున్నారు. ఆగవలసిన చోట ఆగడం వారి కీర్తికి లోపం కాలేదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. అది నగర వీధులలో జరిగిన పందెమే. అయినా ఆ వీధులను ముందుగా మూసివేశారు. ఇరువైపులా కాంక్రీటు గోడలు, ఇనుప కంచెలు నిలిపారు. సాధారణమైన వీధిని పూర్తిగా పందెపు బాటగా మార్చిన తరువాతే కార్లను వదిలారు.

మన ఊరి పక్కనున్న జాతీయ రహదారికి అటువంటి గోడలు లేవు. దానిమీద ధాన్యపు లారీ వెళుతుంది, పాల డబ్బాలు కట్టిన మోటారుసైకిలు వెళుతుంది, రోడ్డు దాటే ముసలమ్మ ఉంటుంది, ఒక్కొక్కప్పుడు ఆరబోసిన వడ్లూ ఉంటాయి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో నూటికి డెబ్బై మందికి పైగా అతివేగం కారణంగా మరణించినవారే. వారెవరూ పందెం కట్టిన చోదకులు కారు. చాలామందికి తాము ఒక పందెంలో చిక్కుకున్నామన్న సంగతైనా తెలియదు. ట్రాక్‌పై పోటీపడేవాడు తన అపాయాన్ని తానే అంగీకరిస్తాడు. రోడ్డుపై అతివేగంగా నడిపేవాడు తన అపాయాన్ని అంగీకరించని ఇతరులపై మోపుతాడు. ఈ భేదాన్ని గ్రహించడమే కరివర్ధన్ జీవితాన్ని చదివినందుకు ఫలం.

ఇదే రహదారిమీద సూళ్ళూరుపేట నుండి తూర్పుగా వెళితే శ్రీహరికోట వస్తుంది. 1971 నుండి అక్కడ రాకెట్లను ప్రయోగిస్తున్నారు. మన దేశంలో అత్యంత వేగంగా ప్రయాణించే వాహనాలు బయలుదేరే చోటు అదే. ప్రయోగం విఫలమైనా శకలాలు జనావాసాలపై పడకుండా సముద్రంలో పడేందుకు వీలుగా ఆ తీరాన్ని ఎంపిక చేశారు. ఎంతటి వేగమైనా మానవునికి మేలు చేయగలదు, అది తన చోట తాను ఉన్నంతవరకు.

కావ్యభాషలో కరి అంటే ఏనుగు. ఏనుగు బలాన్ని చూసి భయపడి దానిని అడవికే వదిలివేసినవారున్నారు; మదించిన ఏనుగును వీధిలోకి తోలి వినాశం తెచ్చుకున్నవారూ ఉన్నారు. అంకుశం చేతబట్టి, దానికి దారి చూపి, దేవుని ఉత్సవానికి నడిపించినవాడు మావటి. యౌవనమూ వేగమూ అటువంటి ఏనుగులే. వాటికి అంకుశాన్నీ దారినీ చూపినవారిలో ఒకడుగా కరివర్ధన్ చిరస్మరణీయుడు.